వెనకబడి వచ్చిన చప్పుడు

మొన్న ఆత్మకూరు నుంచి ఉదయగిరికి పోతున్న బస్సు దారిలో ఆగిపోయింది. రోడ్డు వెడల్పు చేస్తున్నారు, ఒక వైపు బండ్లు వదిలేదాకా మమ్మల్ని ఆపారు. కిటికీలోంచి చూస్తే దూరంగా గుట్ట వాలు మీద ఒక మనిషి సమ్మెటతో రాయి కొడుతున్నాడు. సమ్మెట దిగేది. చప్పుడు లేదు. అతను దాన్ని మళ్లీ ఎత్తుతుండగా అప్పుడు ఠంగుమని వినిపించేది. పక్కన కూర్చున్న నా మనవరాలు సెల్లు ఒళ్లో పెట్టుకుని ఆ వింత చూసింది. "అవ్వా, ఆడియో లేటు" అని నవ్వింది.

నేనూ నవ్వబోయాను, రాలేదు. అంతలో మా బస్సు కదిలినట్టయింది. సీటు గట్టిగా పట్టుకున్నాను. కదిలింది మేం కాదు, పక్కన నిలబడి ఉన్న లారీ. ఏమయిందవ్వా అని పిల్ల అడిగితే తల తిరిగిందని చెప్పాను. చెప్పాల్సింది అది కాదు. చెప్పాల్సింది ఇది.

మా ఊరు ఉదయగిరి దాటి సీతారామపురం పోయే దారిలో, కొండల కింద. బస్సు వస్తే వచ్చినట్టు, లేకపోతే నడకే. మాకు గొర్రెల మంద ఉండేది, దాంతో పాటు కొంత మెట్ట. వాన పడితే సజ్జ, కంది. పడకపోతే గొర్రెలే దిక్కు. ఇంటికి ఎవరొచ్చినా ముందు గొర్రెల వాసన, తర్వాత పొయ్యి మీద ఉలవలు ఉడికే వాసన వాళ్లకు ఎదురొచ్చేవి. మాకు ఆ రెండూ వాసనలే కావు, ఇల్లంటే అదే.

అప్పటికి మా వైపు బోర్లు రాలేదు. నీళ్లు కావాలంటే బావి తవ్వాలి, బావి అంటే బండ. పైన మట్టి ఉన్నంత వరకు పారలతో పని. రాయి తగిలాక దాని మీద కట్టెలు పేర్చి మంట పెట్టేవాళ్లు. బండ ఎర్రగా కాగాక చల్లటి నీళ్లు కుమ్మరిస్తే లోపల ఎక్కడో టప్పుమనేది, పొరలు పొరలుగా విచ్చుకునేది. అప్పటికీ లొంగకపోతే తమరు కొట్టి, అంటే బండకు బెజ్జం తొలిచి, పేలుడు మందు కూరి పేల్చేవాళ్లు. పేలిన తర్వాత బావిలోంచి లేచే పొగ వాసన చింతపండు నమిలినట్టు నోట్లో పుల్లగా తగిలేది. పిల్లలం ఆ పొగ కోసం పరిగెత్తేవాళ్లం. పెద్దవాళ్లు రాళ్లు విసిరి తరిమేవాళ్లు, మేం ఇంకో వైపు నుంచి వచ్చేవాళ్లం.

ఆ బావిని మా నాయన, చిన్నాయన కలిసి తవ్వారు. అన్నదమ్ములిద్దరి పొలాలకు నడిమి గట్టు మీద.

నాయన చేతికి కోపం ఎక్కువ. అన్నంలో రాయి తగిలితే పళ్లెం గోడకు పోయేది. మాట వినని పొట్టేలుకు ముట్టె మీద కర్ర. అమ్మకు ఎప్పుడు ఎందుకు పడేదో అమ్మకే తెలిసేది కాదు. చిన్నాయన నాయన కంటే బాగా చిన్నవాడు. తల్లి పోయాక నాయన చేతుల్లోనే పెరిగాడు, ఆ చేతుల దెబ్బలతోనే పెరిగాడు. అయినా నవ్వు పోలేదు. బావిలోకి దించే మోకు ఒక కొస నాకిచ్చి, రెండో కొస తను పట్టుకుని ఒక్కసారి విదిలించేవాడు. మోకులో ఒక మూపురం లేచి పాములా పరిగెత్తుకుంటూ వచ్చి నా చేతిని కొట్టేది. "మోకు యాడికీ రాలే, చూడు. వచ్చింది నా దెబ్బే" అనేవాడు. నేను మళ్లీ మళ్లీ చేయించేదాన్ని.

ఒకరోజు ఇంకా గొర్రెలు పక్కకు పోకముందే వత్తి అంటించమన్నాడు నాయన. చిన్నాయన ఆగుదామన్నాడు. నాయన వినలేదు. రాయి ఎగిరొచ్చి చూడి గొర్రె నడుం మీద పడింది. అది కాళ్లు తన్నుకుంటుంటే నాయన మోకు తీసుకుని చిన్నాయనను అందరి ముందూ బాదాడు. చిన్నాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చొక్కా చిరిగి వీపు తేలింది, పెదవి పగిలింది. చెయ్యి ఎత్తలేదు. ఆ గొర్రెను కోసి ఆ పూట కూర వండారు. కడుపులో పిల్ల ఉంటే అమ్మ దాన్ని మాకు కనపడకుండా గోతిలో కప్పెట్టింది. అందరం తిన్నాం. చిన్నాయన పగిలిన పెదవికి కారం తగలకుండా ముక్కలు లోపలికి వేసుకుంటూ తిన్నాడు. నాయన పెద్ద ఎముక ఏరి తమ్ముడి పళ్లెంలో వేశాడు. అదీ నాయనే.

బడి ఉన్నన్నాళ్లూ నేను ఉదయగిరిలో అమ్మమ్మ దగ్గర ఉండేదాన్ని. అవ్వ అనే పిలిచేవాళ్లం. ఆమెతో పాటు మా మేనమామ ఉండేవాడు. అవ్వ ఇంట్లో పొద్దున్నే రాగి సంకటి, మధ్యలో గుంట చేసి పచ్చిపులుసు. బడి కొండ కిందే. ఎండాకాలం కొండ వేడి పొద్దు గూకాక కూడా తగ్గేది కాదు, గోడలు ముట్టుకుంటే జ్వరం వచ్చిన ఒంటిలా ఉండేవి. పగలంతా రాయి మింగిన వేడిని ఇప్పుడు కక్కుతోందని మాకు చెప్పింది సైన్సు టీచరు.

ఆమె నెల్లూరు నుంచి వచ్చింది. పొట్టి మనిషి, గొంతు మాత్రం వరండా చివరిదాకా పోయేది. ఆమె పాఠం పుస్తకంలో మొదలయ్యేది కాదు. తడి ఇసుక పోసిన తట్టలోకి ఇనప గుండు వదిలేది. కొంచెం ఎత్తు నుంచి వదిలితే చిన్న గుంట, బల్ల ఎక్కి వదిలితే పెద్ద గుంట. గుండు అదే, ఇసుక అదే, మరి ఈ లోతు ఎక్కడిదని అడిగేది. ఎత్తినవాడి కండలో ఉన్నదే గుండులో దాక్కుంది, అదే ఇసుకలో దిగింది, శక్తి పుట్టదు, చావదు, ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోతుందంతే అని చెప్పేది. చెరువు అవతల గట్టున చాకలివాళ్లు బట్టలు ఉతుకుతుంటే మమ్మల్ని ఇవతల నిలబెట్టి ముందు చూడమంది, తర్వాత వినమంది. చూపు వెంటనే వస్తుందనీ, చప్పుడు గాలిలో అలలా నడిచి రావాలి కాబట్టి వెనకబడుతుందనీ ఆ రోజు తెలిసింది. మాకది ఆటగా ఉండేది. ఎవరు ఎక్కడ గొడ్డలి ఎత్తినా దూరం పోయి చూసేవాళ్లం.

ఆ ఏడు ఎండాకాలం సెలవులకు ఊరొచ్చేసరికి బావిలో నీళ్లు పడి ఉన్నాయి. ఊరంతా వచ్చి తొంగిచూసి పోయేవాళ్లు. అమ్మ బెల్లం పంచింది. ఆ సంబరం ఎక్కువ రోజులు నిలవలేదు. నీళ్లు కొద్దికొద్దిగానే ఊరేవి. పొద్దున ఎద్దులతో మోట తోలే వంతు నాయనది, మధ్యాహ్నం నుంచి చిన్నాయనది అని మాట అనుకున్నారు. నాయన ఎద్దుల్ని మిట్టమధ్యాహ్నం దాటినా విప్పేవాడు కాదు. చిన్నాయన మిరప నారు కళ్ల ముందే వాడిపోతోంది. అడిగితే నాయన, ఈ బావికి పెట్టుబడి నాది, నిన్ను పెంచిన కూడు నాది అనేవాడు. చిన్నాయన నవ్వడం మానేశాడు. నాతో మోకు ఆట కూడా ఆడలేదు.

ఆ రోజు గాలి లేదు. నేను గొర్రెల్ని తోలుకుని బావికి ఎదురుగా ఉన్న గుట్ట వాలు మీద ఉన్నాను. నడుమ రెండు మూడు పొలాల దూరం. కింద పల్లంలో అమ్మ, ఇద్దరు కూలి ఆడవాళ్లు కలుపు తీస్తూ వీపులు బావి వైపు పెట్టి వంగి ఉన్నారు.

చిన్నాయన గట్టు మీదికి వచ్చి కాలువకు అడ్డం మట్టి వేశాడు. నీళ్లు తన నారుమడి వైపు తిరిగాయి. ఎండలో ఆ నీటి మెరుపు నాకు కనిపించింది. నాయన మోట వదిలి పార తీసుకుని వచ్చాడు. చిన్నాయన ఇంకా వంగి మట్టి సర్దుతున్నాడు. నాయన పార రెండు చేతులతో తలపైకి ఎత్తి అతని వీపు మీద దించాడు.

చప్పుడు లేదు. చిన్నాయన మోకాళ్ల మీద కూలబడ్డాడు. అప్పుడు వచ్చింది చప్పుడు. నాయన పార మళ్లీ ఎత్తి ఉన్నాడు అప్పటికే.

ఆ చప్పుడుకే పల్లంలో వాళ్లు తలలు తిప్పారు. నాయన రెండో దెబ్బ నేల మీద పడింది, చిన్నాయన పక్కకు దొర్లాడు. పల్లం నుంచి చూసేవాళ్లకు గట్టు అడ్డం. నిలబడ్డ మనిషే కనిపిస్తాడు, పడ్డ మనిషి కనపడడు. వాళ్లకు నాయన పారతో కాలువ తవ్వుతున్నట్టే ఉంటుంది. బావి రాళ్లు కొట్టిన సమ్మెట అక్కడే పడి ఉంది. చిన్నాయన దాన్ని పట్టుకుని లేచాడు. లేస్తూనే తిప్పి కొట్టాడు. నాయన తల పక్కకు పోయింది, ఒళ్లు ఆ తలను వెతుక్కుంటున్నట్టు కొంచెం తూలి, పడిపోయింది. ఆ చప్పుడు కోసం నేను ఊపిరి బిగబట్టుకుని ఉన్నాను. వచ్చింది. తడి మట్టిలో కొబ్బరికాయ పడ్డట్టు, అంత చిన్నది.

అమ్మ కేక దాని వెనకే వచ్చింది.

నేను గొర్రెల్ని వదిలేసి పరిగెత్తాను. పోయేసరికి చిన్నాయన సమ్మెట పారేసి అన్న తల ఒళ్లో పెట్టుకుని, తన తలగుడ్డతో ఆ గాయం అదుముతున్నాడు. గుడ్డ ఎర్రబడి చేతివేళ్ల సందుల్లోంచి కారుతోంది. అతని వీపు చొక్కాతో సహా చీలి ఉంది. "లే అన్నా, లే అన్నా" అంటున్నాడు. తనే ఎద్దుల్ని బండికి కట్టాడు, తనే తోలాడు. అమ్మ నాయన తల పట్టుకుని కూర్చుంది. చంపినవాడు ముందు కూర్చుని ఎద్దుల తోకలు మెలిపెడుతుంటే, వెనక ఆమె అతన్ని తిడుతూ, ఇంకా బిరీన తోలమని అతన్నే బతిమాలుతోంది. ఉదయగిరిలో జీపు దొరికింది. నాయన ఆత్మకూరు ఆసుపత్రి దాకా బతకలేదు. చిన్నాయన జీపు దిగి, పోలీసు స్టేషన్ ఎక్కడో అడిగి తెలుసుకుని, నడిచిపోయి కూర్చున్నాడు.

పోలీసులు ఊరికి వచ్చినప్పుడు నేను చూశానని చెప్పాను. ఏం చూశావని వివరంగా అడగలేదు. సాక్షుల్లో నన్నూ వేసుకున్నారు.

కేసు నడిచే నాటికి మేం అవ్వ ఇంటికి చేరాం. మేనమామ నన్ను కూర్చోబెట్టి ఏం చెప్పాలో నేర్పాడు. మీ నాయన కాలవ తవ్వుతా ఉండాడు, వాడు ఎనకనుంచి వచ్చి కొట్టినాడు, వాడి వీపు మీది గాయం బావిలో జారిపడితే అయింది. ఇదీ పాఠం. నేను కాదన్నాను. నాయనే ముందు కొట్టాడన్నాను. మామ చెంప మీద కొట్టాడు. నేను మళ్లీ అదే అన్నాను. అప్పుడు అమ్మ లేచి చింతబరికె తీసుకుంది.

అమ్మ అంతకుముందు నన్ను ఎన్నడూ కొట్టలేదు. ఆ రోజు ఆపలేదు. కాళ్ల మీద, చేతుల మీద, అడ్డం పెట్టిన చేతివేళ్ల మీద. బరికె విరిగితే ఇంకోటి తీసింది. అవ్వ మధ్యలో పడి తనూ రెండు తిన్నది. "ఏమ్మే, మొగుడు కొట్టినట్టే కొడతా ఉండావే బిడ్డను" అని అవ్వ అన్నాక అమ్మ బరికె పడేసి గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

వాతలు కనపడకుండా ఓణీ కప్పుకుని టీచరు గదికి పోయాను. ఆమె కిరసనాయిలు స్టవ్వు మీద అన్నం వండుకుంటోంది. నేను ఏడవకుండా అడిగాను. నేను చూసింది ముందు, విన్నది తర్వాత. అందరూ విన్నాక చూశారు. ఇందులో ఏది నిజంగా జరిగినట్టు? అందరికీ కనపడిందే నిజమని మామ అంటున్నాడు.

ఆమె స్టవ్వు ఆర్పింది. ఆత్మకూరు బస్టాండులో పక్కపక్కన నిలబడిన బస్సుల్లో ఏది కదిలిందో లోపల కూర్చున్నవాళ్లకు తెలియదు కదా, అట్లాగే ఎక్కడ కూర్చున్నామన్నదాన్ని బట్టి లోకం వేరుగా కనిపిస్తుంది అంది. అది కంటి తప్పు కాదట. చాలా వేగంగా పోయేవాళ్లకు కాలం కూడా వేరుగా నడుస్తుందట, ఒకరికి ఒకేసారి జరిగినవి ఇంకొకరికి ముందూ వెనకా జరుగుతాయట. అయితే మామ చెప్పినట్టూ అయ్యుండొచ్చా అన్నాను.

"కాదు. ఒకదాని వల్ల ఇంకొకటి జరిగితే ఆ వరస మాత్రం మారదు. ఎక్కడి నుంచి చూసినా, ఎంత వేగంగా పోతూ చూసినా, దెబ్బ ముందు, నొప్పి తర్వాత. అవి తారుమారయ్యే చోటు లేదు" అంది టీచరు.

గిన్నె మీద మూత పెట్టి, "నువ్వు ఏం చెప్పాలో నేను చెప్పను. ఆ ఇంట్లో ఉండాల్సింది నువ్వు" అంది. ఓణీ పక్కకు జరిపి చూసి, వాతలకు కొబ్బరినూనె రాసింది. ఆమె అన్నం ఆ రోజు సగం ఉడికి ఆగిపోయింది.

నెల్లూరు కోర్టులో బోను నా భుజాల దాకా వచ్చింది. సర్కారు లాయరు మంచి మాటలతో మొదలుపెట్టాడు. చిన్నాయన అటు వైపు నిలబడి నేల చూస్తున్నాడు, బక్కచిక్కి గుర్తుపట్టలేనట్టు ఉన్నాడు. ముందు ఎవరు కొట్టారని అడిగితే మా నాయన అన్నాను. వెనక బెంచీల్లో కదలిక నాకు వినిపించింది. లాయరు గొంతు మారింది. దెబ్బ చూశానంటావు, అప్పుడు చప్పుడు లేదంటావు, చప్పుడు తర్వాత వచ్చిందంటావు, చప్పుడు లేని దెబ్బ కలలో తప్ప ఎక్కడైనా ఉంటుందా అన్నాడు. ఆయనకు తెలియక కాదు. చదువుకున్న మనిషి, తెలిసే అడిగాడు. నేను బెదిరితే చాలు.

బెదిరాను. అమ్మ ముందు వరసలో కూర్చుని నన్నే చూస్తోంది. చెరువు గట్టు, చాకలి బండ, ఏదీ చెప్పే దారి తెలియలేదు. చివరికి, "దూరంగా ఉండానయ్యా. దూరమైతే చప్పుడు లేటుగా వస్తాది" అని మాత్రం అన్నాను. జడ్జిగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. గుట్ట ఎంత దూరమని ఒక్క ప్రశ్న వేసి, నేను చెప్పింది చెప్పినట్టు రాసుకోమన్నారు.

చిన్నాయనకు యావజ్జీవం పడలేదు. కొన్నేళ్ల శిక్ష పడింది.

బయట చెట్టు కింద మేనమామ అందరి ముందూ నా జుట్టు పట్టుకుని ఈడ్చాడు, కాలితో తన్నాడు. అమ్మ చూస్తూ నిలబడింది. ఆ తర్వాత నన్ను బడికి పంపలేదు. టీచరు రెండుసార్లు ఇంటికొచ్చి అడిగితే మామ ఆమెను వీధిలో నిలబెట్టి కూతలు కూశాడు. తొందరలోనే ఆమెకు ఎక్కడికో బదిలీ అయింది. నన్ను సంగం సంబంధానికి ఇచ్చేశారు. పెన్న నీళ్లు కాలువలో ఇంటి ముందే పారే ఊరు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ కాలువ చూస్తే ఏడుపొచ్చేది. ఎవరూ ఎవర్నీ కొట్టకుండానే నీళ్లు పోతున్నాయి.

జైలు నుంచి వచ్చాక చిన్నాయన ఒకసారి సంగం వచ్చాడు. జుట్టు నెరిసింది. అన్నం పెడితే తిన్నాడు. నాకు దండం పెట్టబోతే చేతులు పట్టుకున్నాను.

"నువ్వు నిజమే చెప్పినావు గానీ, అది సగమే పాపా. ఆ పార దెబ్బకు కాదు నేను కొట్టింది. చిన్నప్పట్నించీ తిన్నయన్నీ ఆ సమ్మెటలోకి వచ్చినాయి" అన్నాడు.

ఎక్కడికీ పోకుండా అన్నేళ్లూ అతనిలో నిలవ ఉన్నదాన్ని నేను తలుచుకున్నాను. అతను మళ్లీ రాలేదు. గొర్రెలు కాసుకుంటూ సీతారామపురం అవతల ఎక్కడో చనిపోయాడని తర్వాత తెలిసింది. ఊళ్లో ఆ బావి ఇప్పుడు లేదు. బోర్లు పడ్డాక దాన్ని ప్లాస్టిక్ చెత్తతో పూడ్చేశారు.

అమ్మ నాతో మాట్లాడలేదు. పెళ్లిళ్లలో కనపడితే ముఖం తిప్పుకునేది. మామ పోయి, ఆ ఇంట్లో చూసేవాళ్లు లేక, ఆమె మంచాన పడ్డాక నా దగ్గరికే తెచ్చుకున్నాను. నీళ్లు పోశాను, తల దువ్వాను, గంజి పట్టాను. అన్నీ చేయించుకునేది, మాట లేదు. ఒకరోజు పొద్దున ఎండలో కూర్చోబెట్టి గోళ్లు తీస్తుంటే ఉన్నట్టుండి అడిగింది.

"నిజంగా చూసినావా?"

"చూసినానమ్మా."

"నాకు తెలుసులే" అంది. కుడి చెవి మీద వేలు పెట్టుకుంది. "కాపరానికి వచ్చిన ఏడే ఇది పోయింది. ఒక్క దెబ్బకే. ముందు చెయ్యెత్తేది ఎవురో నువ్వు నాకు చెప్పాల్నా?"

ఆమెకు ఒక చెవి వినపడదని నాకు అప్పటిదాకా తెలియదు. పిలిస్తే పలక్కపోవడం కోపమనే అనుకున్నాను, చిన్నప్పుడూ, ఇన్నేళ్లూ. మరి నన్ను ఎందుకట్లా కొట్టావని అడిగాను. నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినపడింది.

ఆమె కాలువ వైపు చూస్తూ చెప్పింది.

"ఆయన పోయినాక గూడా నలుగురి నోట్లో కొట్టేవోడి మాదిరే మిగలాల్నా అనిపించింది. ఆ దెబ్బలు పడ్డదాన్ని నేను. దాచుకునేదానికి నాకు హక్కు లేదా?"

నా చేతిలో ఆమె చెయ్యి అట్లాగే ఉంది. మిగిలిన గోళ్లు తీశాను. తర్వాత ఆమె నన్ను లేచి ఎడమ పక్కకు వచ్చి కూర్చోమంది. వచ్చాను. తల కొంచెం వంచి, వినపడే చెవి నా వైపు పెట్టింది.

"నేను తిరిగి చూసేసరికే అయిపోయింది. మొదట్నించీ చెప్పు" అంది.

చెప్పాను. ఆమె చివరిదాకా వింది.